పదునాయనా సార్?

మాది కోనసీమ. నోరు తెరిస్తే ముందు మర్యాద, వెనకాలే వెటకారం, రెండింటి మధ్యా ఖాళీ దొరికితే విషయం. ఎదురింటాయన కనిపిస్తే "భోజనాలయ్యాయాండీ?" అంటాం. ఆయన "ఆయ్, ఇప్పుడేనండీ" అంటాడు. ఇద్దరం తృప్తిగా ఎవరి దారిన వాళ్ళం పోతాం. ఇంతకుమించి మనుషులు మాట్లాడుకోవాల్సింది మాత్రం ఏవుంటుంది గనక! ఈ సరంజామాతోనే, బ్యాంకు బదిలీ మీద, అనంతపురంలో బస్సు దిగాను.

మొదటి దెబ్బ ఆ "ఆయ్" దగ్గరే తగిలింది. మా వైపు ఆయ్ అంటే చిత్తం అని. అక్కడ "ఆయ" అంటే అయిపోయిందని. బస్సులో కండక్టరు "టికెట్టాయనా సార్?" అని అడిగాడు. నాకు సగం అర్థమై, సగం కాక, ఎందుకైనా మంచిదని "ఆయ్" అన్నాను. ఆయన ముందుకెళ్ళిపోయాడు. పరాయి ఊరివాడినని టికెట్టు కూడా అడగలేదు, ఎంత మంచి మనుషులో అనుకున్నాను. కాసేపటికి ఆయన తలలు లెక్కపెట్టుకుంటూ వెనక్కొచ్చి నా దగ్గర ఆగాడు.

"ఆయ అంటిరి కదప్పా?"

"ఆయ్ అన్నానండీ."

"అదే కదా, ఆయ అంటిరి?"

"ఆయ్."

నేను దిగాల్సిన స్టాపు వెళ్ళిపోయింది.

ఉల్లిపాయని ఎర్రగడ్డ అనడం, బొబ్బట్టుని ఓళిగ అనడం, పొద్దున్నే ఉగ్గాని బజ్జీకి వరసలో నిలబడడం నెల్లాళ్ళలో వచ్చేశాయి. నాలుకదేముంది, రుచి తగిలితే ఏ ఊరైనా దానికి సొంతూరే. పట్టుబడనిదల్లా వాన.

మృగశిర కార్తె వచ్చి పది రోజులైంది. సాయంత్రం టీ బంకు పట్టా కింద ఏడెనిమిది మందిమి ఇరుక్కుని నిలబడ్డాం. బయట వాన దంచుతోంది. కొత్తవాళ్ళ మధ్య నోరు మూసుకుని నిలబడడం మా ఒంటికి పడదు. పైగా నా కొత్త చెప్పులు నానిపోతున్నాయి. మాట కలుపుదామని, "వెధవ వాన! ఎప్పుడు తగ్గుద్దో ఏంటో" అన్నాను.

మా ఊళ్ళో అయితే ఈ మాటకి నలుగురు వంత పాడేవారు. ఒకాయన గుడ్డలు ఆరట్లేదనేవాడు, ఇంకొకాయన అప్పడాలు మెత్తబడ్డాయనేవాడు. ఇక్కడ టీ వడపోస్తున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. పాలు పొంగి పొయ్యిలో పడ్డా ఎవరూ అటు చూళ్ళేదు. అందరూ నన్నే చూస్తున్నారు.

తలకి తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన నిదానంగా అడిగాడు. "మీది యా ఊరు సార్?"

"అమలాపురం దగ్గరండీ."

"ఆఁ... గోదావరి తట్టు" అన్నాడు, రోగం పేరు దొరికిన వైద్యుడిలా. మిగతావాళ్ళ వైపు తిరిగి, "తెలీక అన్న్యాడులే, పాపం" అని నాకు క్షమాభిక్ష ఇప్పించాడు. తర్వాత పట్టా అంచు దాటించి చెయ్యి చాపి, పడిన నాలుగు చుక్కలూ తీర్థంలా తలకి రాసుకున్నాడు. నేను చెప్పులు చూసుకోవడం మానేశాను.

మా తప్పు కూడా పూర్తిగా మాది కాదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయించిన దగ్గర్నుంచీ మావాళ్ళకి ఆకాశంతో పెద్దగా మాటల్లేవు. నీళ్ళు కాలవలో వస్తాయి. పైనించి పడేవి చాలావరకు చికాకు పెట్టడానికే. అనంతపురానికి ఏడాది మొత్తం మీద వచ్చేది సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి తన బరువంతా పడమటి కనుమల అవతలే దించేసుకుని చేతులూపుకుంటూ వస్తుంది. ఈశాన్యం ఇక్కడికి చేరేసరికే అలిసిపోతుంది. ఈ రెండు ఖాళీ చేతుల్నీ నమ్ముకునే లక్షల ఎకరాల్లో చెనిక్కాయ వేస్తారు. చెనిక్కాయంటే మన వేరుశనగే.

మా అటెండరు నన్ను పక్కకి పిలిచి బాలశిక్ష మొదలెట్టాడు. "సార్, ఈడ ఎవురు కనపడినా ముందు వాన అడగల్ల. పెండ్లాం పిల్లోళ్ళని తర్వాత అడగొచ్చు. వాళ్ళు యాడికీ పోరు, వాన పోతాది."

మర్నాడు పంట రుణానికొచ్చిన రైతుని ఉత్సాహంగా అడిగాను. "మీ వైపు వాన పడిందాండీ? ఎన్ని మిల్లీమీటర్లు?"

ఆయన బొటనవేలూ చిటికెనవేలూ బార్లా చాపి కౌంటరు మీద పెట్టాడు. "జానెడు పదునాయ సార్." నేల లోపల తడి ఎంత లోతు దిగిందో అదీ కొలత. విత్తనం పడాలంటే పదును కావాలి. బీమా కాయితాల్లో వాన మిల్లీమీటర్లలో పడుతుంది, చేలో మాత్రం జానల్లో దిగుతుంది.

ఆయన వెనకాలున్నాయన మొహం వేలాడేసుకున్నాడు. "మా బామ్మర్ది చేన్లో పడినాది సార్. మా చేన్లో పడలే. గట్టు కాడికొచ్చి నిల్చిపాయ." ఆ గొంతులో మబ్బు మీద కంటే బామ్మర్ది మీదే అనుమానం ఎక్కువుంది. గట్టు తగువుల్లో బ్యాంకు తలదూర్చదు కాబట్టి అయ్యో అని ఊరుకున్నాను.

నాలుగు నెలల్లో ఆరితేరాను. టీ బంకులో, గుళ్ళో, క్షౌరశాలలో "పదునాయనా?" అని నేనే ముందు అడిగేవాణ్ణి. "సారు మనోడైపాయ" అన్నారు. ఆ మాటకి నేను కాస్త ఉబ్బిన సంగతి ఒప్పుకోవాలి.

అక్టోబరు ఆఖర్లో ఓ రాత్రి కుండపోత. పొద్దున్నే మా టీ బంకు పెద్దాయన ఎదురయ్యాడు. ఇంక నన్నెవరాపుతారు! దూరం నుంచే చెయ్యెత్తి, "అన్నా! రాత్రి బ్రహ్మాండమైన వాన! రెండు జానలైనా పదునై ఉంటాది!" అని కేకేశాను.

ఆయన ఆగి, తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "నిన్ననే చెనిక్కాయ పీకి పరిచినాము సార్. కట్టె నల్లబడతాది. కాయ మొలకొస్తాది."

భూమిలో ఉన్నప్పుడు అమృతం, పీకి చేలో పరిచాక విషం. ఈ రెండో పాఠం అటెండరు చెప్పలేదు. "మరి నాకు ముందే చెప్పొచ్చుగా!" అని వాడి మీద ఎగిరితే, "నేను జూన్ పాఠం చెప్పినా సార్, మీరు అక్టోబర్లో పరీక్ష రాసిరి" అన్నాడు.

అప్పట్నుంచీ కేలెండరు చూసుకోకుండా ఎవర్నీ పలకరించడం లేదు.

మొన్న జూలైలో అమ్మ ఫోన్ చేసింది. నేను కిటికీలోంచి, రాకుండా తిరిగిపోతున్న మబ్బుని చూస్తున్నాను.

"ఏరా, అన్నం తిన్నావా? ఇక్కడ వారం నుంచీ ఒకటే ముసురు. గుడ్డ ఆరట్లేదు, వెధవ వాన..."

"వాననలా అనకే! ఎంత పదునైంది?"

అటు కాసేపు చప్పుడు లేదు.

"పదునేంట్రా? వీధరుగు దాకా నీళ్ళుంటేనూ!"

"అది కాదే, లోపలికి ఎన్ని జానలు దిగింది?"

ఫోన్ పక్కన పెట్టింది గానీ కట్ చెయ్యలేదు. నాన్నతో అంటున్న మాట స్పష్టంగా వినిపించింది.

"ఏవండోయ్, అక్కడ ఎండలు మరీ ఎక్కువంట కదా. మనవాడికి వడదెబ్బ తగిలినట్టుందండీ."