సివిక్స్‌కు ల్యాబ్ కావలెను

పిల్లాడు ఇంటర్‌లో సీఈసీ తీసుకున్నాడని తెలిస్తే చాలు, చుట్టాలు పరామర్శకు బయల్దేరతారు. "అయ్యో, ఎంపీసీ చదవలేనన్నాడా?" జేఈఈ ర్యాంకరుకు హోర్డింగు ఉంది, నీట్ ర్యాంకరుకు ఉంది. సివిక్స్‌లో వందకు వంద తెచ్చుకున్న అమ్మాయికి మాత్రం కూడలిలో చోటు లేదు. అక్కడ ఎమ్మెల్యే గారి పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంది.

ఇంటర్ బోర్డు మీద నా ఫిర్యాదు వేరు. ఫిజిక్స్‌కు ల్యాబ్ ఉంది, బోటనీకి ఉంది, సివిక్స్‌కే లేదు. ప్రయోగాలన్నీ అసెంబ్లీలో జరుగుతుంటే పిల్లలు గైడు ముందేసుకుని బట్టీ పట్టాలా?

ఫిరాయింపుల నిషేధ చట్టమే చూడండి. 1985, 52వ సవరణ, పదో షెడ్యూలు. గెలిచిన పార్టీని వదిలేస్తే సభ్యత్వం పోతుందని రాస్తే మార్కులు పడతాయి. ప్రయోగంలో మాత్రం ఫలితం తేడాగా వస్తుంది. 2014లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సభలో 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు సైకిలెక్కారు. ఒక్కరి సభ్యత్వమూ పోలేదు. పైగా 2017లో వాళ్లలో నలుగురు మంత్రులయ్యారు.

తెలంగాణలో ఇదే పాఠం లెక్కల పీరియడ్‌లోకి దూరింది. 18లో మూడింట రెండొంతులెంత? 12. 2019లో సరిగ్గా పన్నెండుమంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు కారెక్కారు. పదకొండుమంది దాకా ఫిరాయింపు, పన్నెండోవారు రాగానే విలీనం! ఈ లెక్క అంత బాగా చేసిన పార్టీయే, 2023 ఎన్నికల తర్వాత తన పదిమంది కాంగ్రెస్ గూటికి చేరితే, రాజ్యాంగం పట్టుకుని కోర్టుకెక్కింది. 2019లో గుండెలు బాదుకున్న కాంగ్రెస్‌కు ఇప్పుడు అదంతా అభివృద్ధిలా కనిపిస్తోంది.

సీబీఎస్‌ఈ వాళ్లు తెలివైనవాళ్లు. 2020లో కొవిడ్ పేరు చెప్పి, ఆ ఏటికి పదకొండో తరగతి సిలబస్‌లోంచి సమాఖ్య వ్యవస్థ, పౌరసత్వం, జాతీయవాదం, లౌకికవాదం పాఠాలు లేపేశారు. పిల్లలకు భారమట. పెద్దలకూ అవి భారమేనని అప్పుడే తేలింది.

కాబట్టి మనకు ల్యాబ్ పెట్టండి. పరికరాలకు పెద్ద ఖర్చేం లేదు: రెండు రంగుల కండువాలు, ఒక ఏసీ బస్సు, ఊరి బయట ఒక రిసార్టు. వైవాలో ప్రశ్న ఒక్కటే: పార్టీ ఎందుకు మారావు? "నియోజకవర్గ అభివృద్ధి కోసం" అన్నవాడికి ఫుల్ మార్కులు. నీళ్లు నమిలినవాడు సప్లిమెంటరీకి ఫీజు కట్టుకోవాలి.

పేపర్లు దిద్దేది స్పీకర్ గారు. ఫలితాలెప్పుడని మాత్రం అడక్కండి. ఆ పదిమంది సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జులైలో సుప్రీంకోర్టు అంతటిది చెప్పాల్సి వచ్చింది.