గుడ్ల అట్టలు, కంప్యూటరు గోల

ఇంటి స్టూడియోలో కంప్యూటరు చప్పుడుకు మూలాలు నాలుగు. ప్రాసెసరు మీద, గ్రాఫిక్స్ కార్డు మీద, పవర్ సప్లైలో, పెట్టె గోడలకు తిరిగే ఫ్యాన్లు మొదటిది. నిమిషానికి 5400 లేదా 7200 చుట్లు తిరిగే పాత హార్డ్ డిస్కు రెండోది. ఈ తిరుగుడుకు పెట్టె రేకూ, దాని కింద బల్లా కలిసి మోగడం మూడోది. పవర్ సప్లైలోనో గ్రాఫిక్స్ కార్డులోనో కాయిళ్లు సన్నగా కీచుమనడం నాలుగోది. ఐదో మూలం కూడా ఒకటుంది: పై నాలుగింటినీ తగ్గిస్తుందని నమ్మి యజమాని కొన్న సామాను. పాఠ్యగ్రంథాలు దీన్ని ఇంకా గుర్తించలేదు.

ఐదింటినీ ఒకే గదిలో పరిశీలించడానికి అన్నూరు అనువైన ఊరు. కోయంబత్తూరు నుంచి సత్యమంగలం వెళ్లే దారికి అవినాశి–మేట్టుపాళయం రోడ్డు అడ్డం వచ్చే చోట ఉన్న ఈ ఊళ్లోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ తెలుగువారి ఇళ్లకు తెలుగు ఇంటి భాష, తమిళం బడి భాష. అవ్వల నోట ఉన్న పెళ్లిపాటల్లో, సామెతల్లో, పొలం మాటల్లో కాగితం మీదికి ఎక్కినవి తక్కువ. అందుకని పడకగదిలో మైకు నిలబెట్టి అవ్వ మాటను రికార్డు చేసే మనవడి పని చిన్నదేమీ కాదు. చిక్కల్లా ఆ రికార్డులో అవ్వ కంటే ఫ్యానే ఎక్కువ మాట్లాడటం.

మోటారంటే ఏమిటో ఈ సీమకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా చెప్పుకునేది 1937లో కోయంబత్తూరులో జి.డి.నాయుడు, డి.బాలసుందరం నాయుడు చేసినదే. ఇవాళ్టికీ పంపుసెట్టు మెకానిక్కు స్క్రూడ్రైవరు మొనను మోటారు ఒంటికీ, పిడిని చెవికీ ఆనించి బేరింగు ఉందో పోయిందో చెప్పేస్తాడు. అదే మెకానిక్కు కొడుకు స్టూడియో పెట్టాడనుకోండి, చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో వినడు. దాని విరుగుడు ఎంతకు వస్తుందో ఫోనులో వెతుకుతాడు.

వెతికితే మొదట దొరికేవి గోడకు అంటించేవి. డబ్బున్నవాడికి నల్ల ఫోమ్ పలకలు, లేనివాడికి కోడిగుడ్ల అట్టలు. కోళ్ల ఫారాలకు పేరుపడ్డ నామక్కల్ మరీ దూరం కాదు కాబట్టి ఈ సీమలో అట్టలకు కొదవ లేదు. ఈ వైద్యంలో ఉన్న లోపం ఒక్కటే, రోగి వేరే చోట ఉన్నాడు. గోడకు అంటించిన మెత్తటి వస్తువు గోడను తాకి వెనక్కి వచ్చే శబ్దాన్ని కొంత పీలుస్తుంది. కంప్యూటరు నుంచి నేరుగా మైకులోకి వెళ్లే శబ్దం గోడ దాకా వెళ్లే అవసరమే లేదు. పీల్చే పని కూడా మందాన్ని బట్టే ఉంటుంది. 100 హెర్ట్‌జ్ శబ్దపు అలల పొడవు దాదాపు 3.4 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 85 సెంటీమీటర్లు మందం ఉంటే గాని అలాంటి లోగొంతును ఫోమ్ గట్టిగా పట్టుకోలేదు. రెండు అంగుళాల ఫోమ్‌కు అందేది పై స్వరాలే. అందుకే ఫోమ్ గది మూగబోయినట్టు అనిపిస్తుంది గాని, ఏడు రెక్కలతో నిమిషానికి 1200 చుట్లు తిరిగే ఫ్యాను తన 140 హెర్ట్‌జ్ గుయ్యిమనే స్వరాన్ని నిశ్చింతగా కొనసాగిస్తుంది. బయటి శబ్దాన్ని ఆపాలంటే బరువు కావాలి. గోడ బరువు రెట్టింపయితే దాటే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గుడ్డు అట్ట బరువెంతో దాన్ని మోసిన చెయ్యికి తెలుసు. ఈ అట్టలు గదిలో చేసే ఒకే ఒక్క నిజమైన మార్పు, వీడియోలో స్టూడియోలా కనబడటం.

గోడలతో పని జరగకపోతే కంప్యూటరును బీరువాలో పెట్టి తలుపు వేసే దశ వస్తుంది. ఇది కొత్త ఊహ కాదు. టాకీలు వచ్చిన తొలిరోజుల్లో కెమెరా టకటకలు మైకులో పడుతుంటే కెమెరానూ కెమెరామనునూ కలిపి అద్దాల గదిలో బిగించారు. లోపలి నుంచి ఆయన చెమటతో తడిసి బయటికి వచ్చేవాడు. తర్వాత కెమెరాకు మాత్రమే మెత్తటి తొడుగు వేయడం నేర్చారు. 1945లో ఎస్.ఎం.శ్రీరాములు నాయుడు కోయంబత్తూరులో పక్షిరాజా స్టూడియో పెట్టేనాటికే సినిమావాళ్లకు ఆ పాఠం పాతది. 1954లో తమిళ ‘మలైక్కళ్లన్’నూ, దాని తెలుగు రూపమైన ‘అగ్గిరాముడు’నూ తీసింది ఆయనే. కెమెరాకు తొడుగు వేస్తే పెద్దగా వేడెక్కదు. కంప్యూటరు సంగతి వేరు: 200 వాట్ల కరెంటు తాగే కంప్యూటరు 200 వాట్ల వేడిని వదులుతుంది, ఒక్క వాటు కూడా దాచుకోదు. గాలి ఆడని బీరువాలో ఆ వేడి పేరుకుంటుంది. వేడి పెరిగితే ఫ్యాను వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే మోత పెరుగుతుంది. చివరికి ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది, పాట మధ్యలో తెగుతుంది. తలుపు తెరిచే ఆ క్షణంలో యజమాని ముఖానికి తగిలే గాలి ఎండలు మండే చిత్తిరై నెలలో అన్నూరు బస్‌స్టాండులో వీచే గాలికి ఏ మాత్రం తీసిపోదు.

మూడో దశ ‘నిశ్శబ్ద’ ఫ్యాన్లు. డబ్బా మీద రాసిన డెసిబెల్స్ సాధారణంగా ఒక్క ఫ్యానును ఏ అడ్డూ లేకుండా, మీటరు దూరంలో కొలిచినవి. ఇంట్లో మూడు ఫ్యాన్లు బిగిస్తారు, ముందు జాలీ పెడతారు, పెట్టెను మోకాలి పక్కన ఉంచుతారు. ఒకేలాంటి మూడు కలిసి మోగితేనే ఒక్కదాని కంటే దాదాపు 5 డెసిబెల్స్ ఎక్కువ. ఇక్కడ కొనాల్సిన సరుకు నిజానికి ఒకటుంది గాని దాని గొప్ప పేరులో లేదు, కొలతలో ఉంది: పెద్ద ఫ్యాను. లెక్క ప్రకారం 80 మి.మీ. ఫ్యాను తోసే గాలిని 120 మి.మీ. ఫ్యాను మూడో వంతు వేగంతోనే తోయగలదు, వేగం సగమైతే మోత సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి సగమైనట్టు తోస్తుంది. కానీ పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే అందులో చూడటానికి ఏముంది? అందుకని రంగురంగుల దీపాలున్నవి వస్తాయి. దీపాలు కనబడాలి కాబట్టి కంప్యూటరును గాయకుడి వెనక బల్ల మీద పెడతారు. కార్డియాయిడ్ మైకు తన ముందున్నది వింటుంది, వెనకున్నదాన్ని బాగా తగ్గిస్తుంది. కంప్యూటరు మైకు వెనకాల ఉంటే సగం బాధ ఉచితంగా తీరేది. గాయకుడి వెనక ఉంది కాబట్టి మైకు దాన్ని నోరు తెరుచుకుని వింటుంది.

తీగల రొద వేరే కథ. మైకు పీకేసినా వినబడే గుర్రు గాలిలోంచి వచ్చింది కాదు. అది 50 హెర్ట్‌జ్ కరెంటుదో, దాని గుణిజాలదో, చార్జరుదో. దానికి ఎర్తు సరిచూడాలి, ల్యాప్‌టాప్ చార్జరు తీసి చూడాలి. గోడకు ఫోమ్ అంటించి ఎర్తు బాగు చేయడం ఇంతవరకు ఏ ఎలక్ట్రీషియనుకూ చేతకాలేదు.

ఇవన్నీ అయ్యాక వచ్చేది సాఫ్ట్‌వేరు. “తర్వాత తీసేద్దాంలే” అన్నది ఈ రంగంలో అన్నిటికన్నా ఖరీదైన వాక్యం. నోటి మాటలోంచి రొదను లెక్కగట్టి తీసివేసే పద్ధతిని స్టీవెన్ బోల్ 1979లోనే ప్రకటించాడు. తీసేసిన చోట నీళ్లలో గాజుముక్కలు కదిలినట్టు వింత స్వరాలు మిగులుతాయన్నదీ అప్పటి నుంచే తెలుసు. నేటి యంత్రాలు ఆ పని ఎంతో నేర్పుగా చేస్తాయి, కానీ వాటికీ ఒక చిక్కుంది. స, శ, ష లాంటి ఊష్మాలు ఇరుకు సందులోంచి పళ్లకు తగిలే గాలి రాపిడితో పుట్టే రొదే. ఫ్యాను చేసేదీ రొదే. రెండిట్లో ఒకటి అవ్వది, ఒకటి కంప్యూటరుదని తేల్చడం యంత్రానికి ఊహించడమే. ఊహ తప్పినప్పుడు అవ్వ పళ్లు ఊడినట్టు మాట్లాడుతుంది. పాపం, కొన్ని నిజంగానే ఊడి ఉంటాయి, ఆ తేడా మళ్లీ పట్టుకోలేం. ఇక నాయిస్ గేటు చేసే పని ఇంకా ముచ్చటైనది. శబ్దం ఒక స్థాయికి పడిపోగానే తలుపు మూసేస్తుంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, ముసలి గొంతులో ఆ చివరి అచ్చు సన్నగా జారుతూ పోతుంది. గేటు దాన్ని కోసేస్తుంది. ఊళ్లు దాటి, తరాలు దాటి నిలిచిన అచ్చు, పడకగది దాటలేకపోతుంది. గేటు ఆపేది మాటల మధ్య మోతనే, మాట కింద ఉన్న ఫ్యాను మోత దానికి అందదు, మాటతో పాటే వచ్చి మాటతో పాటే వెళ్తుంది. చివర్లో కంప్రెసరు వేసి స్థాయిని 12 డెసిబెల్స్ పెంచితే, మిగిలిన రొద కూడా అంతే మర్యాదగా 12 డెసిబెల్స్ పెరుగుతుంది.

పని చేసే ఉపాయాలు ఇంత నాటకీయంగా ఉండవు. మైకును నోటికి 30 సెంటీమీటర్ల నుంచి 15కు జరిపితే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఫ్యాను పెరగదు. కంప్యూటరును మైకు వెనకకు, గది ఆ చివరకు జరిపితే ఇంకొన్ని తగ్గుతాయి. పక్కగదిలో పెట్టి, గోడకు కన్నం వేసి తీగలు లాగితే అసలు గొడవే ఉండదు, యూఎస్‌బీ 2.0 తీగ 5 మీటర్లు దాటితే మధ్యలో బలమిచ్చే తీగ కావాలి, అంతే. హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెడితే ఆ తిరుగుడు పోతుంది. పెట్టె కింద రబ్బరు పెడితే బల్ల మోగడం పోతుంది. అన్నిటికన్నా ముందు పెట్టె తెరిచి బ్రష్షుతో దూది దుమ్ము దులపాలి. మిల్లులూ మగ్గాలూ ఉన్న సీమలో గాలిలో తేలే నూలు పోగులు హీట్‌సింక్ రెక్కల మధ్య పరుపు పరుస్తాయి. ఆ పరుపు మీద ఏ కంపెనీ ఫ్యానైనా అరుస్తుంది. రికార్డింగు సమయంలో ఇతర ప్రోగ్రాములు మూసేసి, ఫ్యాను వేగాన్ని బయోస్‌లో తగ్గించుకోవడానికి ఆ బ్రష్షు ఖరీదంత కూడా కాదు. ఈ ఉపాయాలు ఎందుకు ప్రచారంలోకి రావో ఊహించడం కష్టమేమీ కాదు: వీటిలో చాలావాటికి అమ్మేవాడు లేడు.

ఇంత చేశాక గదిలో కంప్యూటరు వినబడదు. అప్పుడు మిగతాది వినబడుతుంది. నిమిషానికి 380 చుట్లు తిరిగే సీలింగు ఫ్యాను, వంటింట్లో తడి గ్రైండరు, వీధి చివర పవర్‌లూమ్ షెడ్డు. మగ్గం పక్కన నిలబడితే 90 డెసిబెల్స్ దాటే చప్పుడును పడకగది ఇటుక గోడ కొంత ఆపుతుంది, తెరిచిన కిటికీ అసలు ఆపదు. కిటికీ మూస్తే సీలింగు ఫ్యాను కావాలి, ఫ్యాను వేస్తే మైకు పనికిరాదు. ఇంటి స్టూడియో అంటే ఎయిర్ కండిషన్ గది అనే ఊహతో రాసిన సలహాలన్నిటికీ ఇక్కడికి వచ్చేసరికి చెమట పడుతుంది.

దీనికి మందు సబ్‌స్టేషన్ దగ్గర ఉంది. నిర్వహణ పనుల కోసం అప్పుడప్పుడు ఒక పగలంతా కరెంటు ఆపుతారు, ఏ ఏ ఊళ్లకో ముందే పత్రికల్లో వేస్తారు. ఆ రోజు మగ్గాలుండవు, గ్రైండరుండదు, తీగల గుర్రుండదు. పూర్తిగా చార్జ్ చేసిన ల్యాప్‌టాప్, దాని నుంచే కరెంటు తీసుకుని మైకును కలిపే చిన్న ఇంటర్‌ఫేసు ఉంటే చాలు. ఫ్యాను లేని ల్యాప్‌టాప్ అయితే మరీ మంచిది. ఉక్కపోతను ఓర్చుకోవడానికి అవ్వకు తాటాకు విసనకర్ర చాలు, మాట మొదలుపెట్టేటప్పుడు దాన్ని పక్కన పెట్టమనాలి. కాబట్టి పాఠకులు ఈ నెల ఫోమ్ కొనే డబ్బుతో పత్రిక తెప్పించుకుని, కరెంటు కోత తేదీని క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోగలరు.