ఒక సౌండ్ మీటర్ ఆత్మకథ

రెండు మోటార్లు దేనికదే 80 డెసిబెల్ల మోత పెడుతుంటే, రెండూ కలిసి తిరిగినప్పుడు ఈ సౌండ్ మీటర్ చూపేది 160 కాదు, 83. రైసు మిల్లుల్లో తిరిగే ఈ మీటర్ తన గురించి మొదట చెప్పుకోవాల్సిన సంజాయిషీ ఇదే.

మైక్రోఫోన్‌లోని పలచటి పొర గాలి పీడనంలోని హెచ్చుతగ్గులకు అదురుతుంది. ఆరోగ్యమైన చెవికి వినిపించీ వినిపించని 20 మైక్రోపాస్కల్స్ ఈ మీటర్‌కు సున్నా. పని మొదలుపెట్టే ముందు మైక్రోఫోన్‌కు కాలిబ్రేటర్ తొడిగి, 1000 హెర్ట్జ్ దగ్గర ఒక పాస్కల్ ధ్వని వినిపిస్తారు. అప్పుడు 94 చూపాలి. చూపకపోతే సరిచేసేదాకా మీటర్ మాటకు విలువ లేదు.

డెసిబెల్ లాగరిథమ్ కొలత. ధ్వని శక్తి పదింతలైతే 10 పెరుగుతుంది, రెట్టింపైతే 3. కాబట్టి మోతలను కూడాలంటే ప్రతి అంకెనూ పదితో భాగించి, వచ్చినదాన్ని పదికి ఘాతంగా వేసి, ఆ విలువలను కూడి, మొత్తానికి లాగ్ తీసి పదితో గుణించాలి.

మిల్లులో నిలబడి ఇంత లెక్క ఎవరూ వేయరు. రెండు అంకెల తేడా చూసి పెద్దదానికి కొంత కలుపుతారు: తేడా లేకపోతే 3, రెండుంటే దాదాపు 2, ఆరుంటే 1, పదైతే 0.4. మీటర్ పెట్టిన చోట పాలిషర్ మోత 90, ఎలివేటర్ మోత 80 అనుకుందాం. ఎలివేటర్ ఆపితే 90.4 కాస్తా 90 అవుతుంది, అంతే. పాలిషర్ ఆపితే ఏకంగా 80కి దిగుతుంది. చప్పుడు తగ్గించాలనుకునేవారు పెద్ద గొంతునే ముందు పట్టుకోవాలి.

ఒక్కోటి 85 పెట్టే మిషన్లు ఐదుంటే మొత్తం 92. ఒకటి ఆపితే 91. ఆపినవాడు మీటర్ పాడైందేమోనని దాన్నే తట్టి చూస్తాడు. ఎనిమిది గంటల షిఫ్టుకు ఫ్యాక్టరీ నిబంధనల పరిమితి 90. రెండు మిషన్లు ఆపితేగానీ 89.8కి రాదు.

ఈ లెక్క ఒకదానితో ఒకటి పొంతన లేని మోతలకే. ఒకే పాట వచ్చే రెండు స్పీకర్ల మధ్య అలలు ఒకే వరసలో కలిసిన చోట 6 పెరుగుతుంది. ఎదురుపడిన చోట ధ్వని దాదాపు అణగిపోతుంది.

మోతల తీసివేతా కూడిక లాంటిదే. అన్నీ తిరిగితే 88, ఒకటి ఆపితే 85 అయితే, ఆ మిషన్ సొంత మోత 3 కాదు, 85. తేడా 3 కన్నా తక్కువైతే ఆ మిషన్ వాటాను ఈ మీటర్ నమ్మకంగా చెప్పలేదు. పది దాటితే మిగతా మోతను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.