రెండో నీళ్ళసీసా

ఈ సంగతి మా ఇంట్లోవాళ్ళకు కూడా పూర్తిగా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. ఫోటోలో బాగా కనబడాలని పనికొచ్చే వస్తువును ఇంట్లో వదిలేసి బయల్దేరిన రోజు మీకూ ఒకటి ఉండే ఉంటుంది. అందుకే నన్ను మరీ తప్పుపట్టరని ధైర్యం.

నేనుండేది స్పెయిన్‌లో, వాలెన్సియాలో. ఒకప్పుడు ఈ ఊరి నడుమ తూరియా నది పారేది. 1957 అక్టోబరు వరద ఊరిని ముంచేశాక నదిని దక్షిణానికి మళ్ళించారు. ఖాళీ అయిన పాత ఏటిగర్భం ఇప్పుడు కిలోమీటర్ల పొడవున తోట. ఆఫీసు అయ్యాక ఆ తోటలో సైకిలు తొక్కేవాణ్ణి. నున్నటి బాట, ఇరుపక్కలా చెట్లు, గంటకు 24 కిలోమీటర్లు వచ్చేది. ఆ 24 నా తలకెక్కింది. కలిసిన ప్రతివాడికీ ఏదో ఒక వంకన ఆ అంకె వినిపించేవాణ్ణి.

తూరియాకు ఎగువన ఇంకో పేరుంది, గ్వాదలవియార్. తెరుయెల్ ప్రావిన్స్ కొండల్లో పుడుతుంది. అదే కొండల్లో తాహో నది కూడా పుడుతుంది. ఒకటి తూర్పుకు వచ్చి మా ఊరి దగ్గర మధ్యధరాలో కలుస్తుంది. రెండోది వెయ్యి కిలోమీటర్లకు పైగా పడమరకు పోయి లిస్బన్ దగ్గర అట్లాంటిక్‌లో కలుస్తుంది. ఈ సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ రెండు నీళ్ళూ విడిపోయే మిట్టను సైకిలు మీద దాటాలి! అనుకున్నదే తడవు గ్రావెల్ సైకిలు కొన్నాను. రోడ్డు సైకిలుకుండే వంపు హ్యాండిలే, టైర్లు మాత్రం మట్టిబాటకూ కంకరకూ సరిపోయే లావువి.

ఆ ప్రాంతంలో సైకిలువాళ్ళకు పేరున్న దారి ఒకటుంది, మోంతాన్యాస్ వసియాస్. ఖాళీ కొండలు అని అర్థం. తెరుయెల్‌లో మొదలై తెరుయెల్‌కే తిరిగొచ్చే సుమారు 700 కిలోమీటర్ల చుట్టు. పేరులో అతిశయోక్తి లేదు. తెరుయెల్ ప్రావిన్స్ మొత్తం 14,800 చదరపు కిలోమీటర్లు, జనం సుమారు 1,34,000. చదరపు కిలోమీటరుకు తొమ్మిది మంది. గత శతాబ్దం నడిమి దశాబ్దాల్లో పల్లెలకు పల్లెలు బార్సెలోనా, వాలెన్సియా, జరగోజా ఫ్యాక్టరీలకు తరలిపోయాయి. ఇదంతా నేను ముందే చదివాను. చదివి నాకు తట్టిందేమిటో తెలుసా? ఫోటోలకు ఎవరూ అడ్డురారని.

గ్వాదలవియార్ పక్కగా మొదటిరోజు తెరుయెల్ నుంచి అల్బర్రసీన్ చేరాను. కొండ కొసన ఎర్రమట్టి రంగు ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి ఆనుకుని నిలబడిన ఊరది. ఎంత చూసినా తనివి తీరలేదు. అసలు కథ రెండోరోజుది. తాహో పుట్టినచోటు మీదుగా పెరలేహోస్ దె లాస్ ట్రుచాస్ అనే పల్లెకు నేను గీసుకున్న దారి 80 చిల్లర కిలోమీటర్లు. దాన్ని 24తో భాగించాను. మూడున్నర గంటలు. మధ్యాహ్న భోజనం అక్కడే అనుకున్నాను. కొండ ఎక్కడాన్ని, కంకరను, ఎదురుగాలిని ఏ అంకెతో భాగించాలో నేను ఆలోచించనే లేదు.

సైకిలు ఫ్రేముకు రెండు సీసాలు పట్టే ఏర్పాటుంది. రెండో సీసాను ఇంట్లోనే వదిలేశాను. దాని రంగు సైకిలు రంగుకు నప్పలేదు. లైటు కూడా అంతే, హ్యాండిలు మీద మొటిమలా ఉందని పీకేశాను.

మా సొంతూరు కళ్యాణదుర్గం దగ్గర. మా తాత గొర్రెలు కాసేవాడు. భుజాన కంబళి, చేతిలో సద్దిమూట, సొరకాయబుర్రలో నీళ్ళు లేకుండా మంద వెంట గడప దాటేవాడు కాదు. ఆయన మనవణ్ణి నేను.

ఆ రెండోరోజు ఉదయం కొండమీది ఒక పల్లెలో కాఫీకి ఆగాను. ఆదివారం కావడంతో ఊళ్ళో ఉన్న ఒక్క కొట్టూ మూసేసి ఉంది. కాఫీ ఇచ్చిన పెద్దావిడ నా సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టి, "ఇక్కడ నీళ్ళు పెట్టుకో నాయనా, పైన ఏమీ దొరకదు" అంది. రొట్టెలో ఆమ్లెట్ పెట్టిస్తానంది. "వద్దమ్మా, ఒంటిగంటకల్లా పెరలేహోస్‌లో ఉంటాను" అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. ఆ మాట తల్చుకుంటే ఈరోజుకీ నా చెవులు వేడెక్కుతాయి.

తాహో పుట్టినచోట పెద్ద ఇనుప విగ్రహాలున్నాయి. సీసా అక్కడ నింపుకోవచ్చని నా లెక్క. అంత పెద్ద నది పుట్టేచోట ఒక సీసాడు నీళ్ళుండవా? నేను వెళ్ళింది సెప్టెంబరు ఆఖరున. ఊట దగ్గర తడి ఉంది, సీసా ముంచేంత నీరు లేదు. అప్పటికే రెండు దాటింది.

అక్కణ్ణుంచి నది వెంటే పోయి ఉంటే కిందికి దిగేకొద్దీ నీరు చేరేది. నేను పోలేదు. బాట వంకరలు తిరుగుతోందని, పోయిన సమయం కలిసొస్తుందని మిట్ట మీదుగా అడ్డదారి పట్టాను. అది సున్నపురాయి నేల. కురిసిన వానంతా రాతి పగుళ్ళలోకి జారిపోతుంది, పైన చుక్క నిలవదు. పొట్టి జూనిపర్ చెట్లు, రాళ్ళు, ఆకాశంలో రాబందులు. నాలుగింటికి సీసా ఖాళీ. టైర్లలో గాలి దట్టించాను కదా వేగం కోసం, ప్రతి రాయికీ సైకిలు ఎగిరెగిరి పడుతోంది, చేతులు మొద్దుబారాయి, దిగుడులో బ్రేకు వదిలేశాను, వదిలేయగానే ఒక పదునైన రాయి, బుస్సుమని శబ్దం, ట్యూబ్‌లెస్ టైరులోని తెల్లటి జిగురంతా నా మొహాన చిమ్మింది, చక్రం కూలబడింది, నేనూ కూలబడ్డాను, లేవబోతే పిక్కలు పట్టేశాయి, పట్టేసిన పిక్కలతో నేలమీద దొర్లుతుంటే మేకపిల్లంత కాదు దూడంత కుక్కలు రెండు మొరుగుతూ నా మీదికి వచ్చాయి, నాకొచ్చిన స్పానిష్ మొత్తం గాలిలో కలిసిపోయి "అమ్మా!" అని తెలుగులో అరిచాను.

ఈల వినిపించింది. కుక్కలు ఆగాయి.

మంద వెనక నడిచొచ్చిన ఆయనకు డెబ్భై ఏళ్ళుంటాయి. ముందు నీళ్ళిచ్చాడు. తర్వాత రొట్టె, జున్ను. నేను తింటున్నంతసేపూ ఏమీ అడగలేదు. నా సంచిలోంచి పంక్చరు పుల్లలు బయటికి తీశాడు. ట్యూబ్‌లెస్ టైరు గొప్పదనం మీద నేను స్నేహితులకు గంటలకొద్దీ చెప్పినవాణ్ణి, ఆ పుల్లను మాత్రం ఒక్కసారీ వాడి చూడలేదు. ఆయన తన జీపు టైర్లకు ఏళ్ళ తరబడి చేస్తున్న పనే అది. ఒక నిమిషంలో చిల్లులోకి దోపి, గాలికొట్టి, చక్రం తిప్పి చూపించాడు. మంద దొడ్డికి చేరేసరికి చీకటి పడింది, చలి మొదలైంది. నాకు లైటు లేదు. సైకిలును జీపు వెనక వేసుకుని పెరలేహోస్ వైపు బయల్దేరాడు.

దారిలో ఆయన చిన్నప్పటి ఊరి గురించి చెప్పాడు. అప్పుడు బడి నిండా పిల్లలుండేవారట. ఇప్పుడు చలికాలం వస్తే ఊళ్ళో ఎన్ని పొగగొట్టాల నుంచి పొగ వస్తుందో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చన్నాడు. అన్నదమ్ములిద్దరూ వాలెన్సియాలోనే స్థిరపడ్డారట. పొద్దుటి నుంచి నేను ఆ ఖాళీని ఫోటోలు తీస్తూ వచ్చాను, సాయంత్రం అదే ఖాళీలో కొట్టు లేదని తిట్టుకున్నాను. ఒక్కో పొయ్యీ ఆరిపోతే ఏర్పడిన ఖాళీ అది. మా తాత మందను కొనడానికి ఊళ్ళో ఎవరూ మిగల్లేదని మా నాన్న చెప్పిన మాట ఆ జీపులో గుర్తుకొచ్చింది.

ఇంత జరిగాక నేనేం చేశానో వినండి. ఇదే నేను ఇన్నాళ్ళూ దాచింది. ఊరి దీపాలు కనబడగానే, "ఇక్కడ దించేయండి, కొంచెం గాలి పీల్చుకుంటాను" అన్నాను. ఆయన దించాడు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టి జీపు తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆయన వెనకదీపం మలుపు తిరిగేదాకా ఆగాను. అప్పుడు సైకిలెక్కి, రొమ్ము విరుచుకుని, ఆ అరకిలోమీటరూ తొక్కుకుంటూ ఊళ్ళోకి వెళ్ళాను. ఊరి బోర్డు కింద నిలబడి, దారినపోయే కుర్రాడి చేత ఫోటో తీయించుకున్నాను. "అల్బర్రసీన్ నుంచి పెరలేహోస్ దాకా, ఒక్కరోజులో" అని రాసి మిత్రులందరికీ పంపాను. శభాష్ అన్నవాళ్ళలో మా నాన్న కూడా ఉన్నాడు.

ఆ ఫోటో మీకూ వచ్చి ఉంటే ఒక్కసారి తీసి చూడండి. ఫ్రేము మీద రెండో సీసా ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంటుంది. చివరి 22 కిలోమీటర్లలో నేను తొక్కింది ఆ అరకిలోమీటరే. మిగతాదంతా ఆయన జీపులో వచ్చాను.