మైసెల్ఫ్ సుబ్బారావు: పట్నంలో ఇంగ్లీషుకు కొన్ని చిట్కాలు

పినాకిని ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగి, ఓఎమ్మార్ మీది ఏదో ఒక అద్దాల మేడలో ఇంటర్వ్యూకి వెళ్లే మన పిల్లల కోసం ఈ చిట్కాలు. గ్రామర్ పుస్తకం ఇంట్లోనే వదిలేసి రండి. సంచీ బరువు తగ్గుతుంది.

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్.’ అంటే అడిగినాయన తన వంతుగా ఒక సెల్ఫ్ మీ చేతిలో పెట్టాడన్నమాట. పెళ్లి చదివింపుల లెక్కే ఇదీ, అంతకు తగ్గకుండా తిరిగి పెట్టాలి. ‘మైసెల్ఫ్ సుబ్బారావు, ఫ్రమ్ కావలి’ అనండి. ఇందులో క్రియ ఏదయ్యా అంటారా, ‘నా పేరు సుబ్బారావు’లో క్రియ ఎక్కడుందో చూపించమనండి. మనం లేకుండా నెట్టుకొస్తున్నాం, వాళ్లకేం? ‘ఐ యామ్ సుబ్బారావు’ అంటే మరీ బోసిగా ఉంటుంది. ‘ఐ’ అంటే నిలువుగా ఒక్క గీత. నాలుగేళ్ల బీటెక్కూ, తీరని బ్యాక్‌లాగులూ ఉన్న మనిషి ఆ గీతలో ఎలా పడతాడు?

ఇక ఎదుటివారి సంగతి. ఇంగ్లీషులో మేనేజరుకీ ‘యూ’నే, టీ తెచ్చే కుర్రాడికీ ‘యూ’నే. పెద్దవాళ్లను అలా పిలవడానికి మనకు నోరు రాదు. మన ‘తమరు’ పుట్టింది ‘తాము’లోంచి. ఇక్కడి తమిళులు పెద్దలను పిలిచే ‘తాంగళ్’ కూడా అదే కోవ. మర్యాదంతా తన, తమ అనే మాటల్లోనే ఉందని రెండు భాషలు ఒప్పుకున్నాక ఇంగ్లీషు ఒక్కటీ కాదంటే చెల్లదు. కాబట్టి మెయిల్లో ‘ఐ విల్ సెండ్ ద ఫైల్ టు యువర్‌సెల్ఫ్’ అని రాయండి. సందేహాలుంటే ‘ప్లీజ్ కాంటాక్ట్ మైసెల్ఫ్’ అని కింద చేర్చండి. ‘టు యూ’, ‘కాంటాక్ట్ మీ’ అంటే సరిపోతుందనే పిసినారుల మాట వినకండి. అసలు ఇంగ్లాండులోనే ఫోన్లో సరుకు అమ్మేవాళ్లు కస్టమర్లను యువర్‌సెల్ఫ్ అంటుంటారు, గ్రామరు తెలిసిన పెద్దలు పళ్లు కొరుక్కుంటుంటారు. కొరుక్కోనివ్వండి.

ఆ కొరుక్కోవడంలో ఉన్న ‘కో’ దగ్గరికే వస్తున్నాను. అసలు కిటుకు అక్కడుంది. దువ్వుకుంది, కొట్టుకున్నాడు, నేర్చుకున్నాం. పని ఎవరు చేశారో ఫలమో దెబ్బో వాళ్లకే తగిలిందని చెప్పడానికి మనం క్రియకు ‘కొను’ తగిలిస్తాం. ఈ కొను కనబడ్డ ప్రతిచోటా ఇంగ్లీషులో ఒక సెల్ఫ్ దించేయండి. గడ్డం గీసుకుంటూ కోసుకున్నాను: ‘ఐ కట్ మైసెల్ఫ్.’ చూశారా, అతికినట్టు సరిపోయింది! అదే ఊపులో సాగిపోండి. పడుకున్నాను: ‘ఐ స్లెప్ట్ మైసెల్ఫ్.’ అనుకున్నాను: ‘ఐ థాట్ మైసెల్ఫ్.’ పెళ్లి చేసుకున్నాను: ‘ఐ మ్యారీడ్ మైసెల్ఫ్.’

ఈ ఆఖరి వాక్యం జెమినీ ఫ్లైఓవర్ పక్కనున్న అమెరికా కాన్సులేట్లో అక్కరకొస్తుంది. 2008లో హైదరాబాదులో కాన్సులేట్ తెరిచేదాకా ఆంధ్రదేశమంతా వీసాకు ఇక్కడికే వచ్చేది. ఇక్కడ స్లాటు దొరికినవాళ్లు ఇప్పటికీ రైలెక్కుతారు. కిటికీ ముందు నిలబడి ‘ఐ మ్యారీడ్ మైసెల్ఫ్ ఇన్ తిరుపతి’ అని ధైర్యంగా చెప్పండి. ఆఫీసరు పెళ్లి ఫొటో అడిగితే ఇవ్వండి. అందులో మీ పక్కన కూర్చున్నది ఎవరని అడిగితే మాత్రం నా పూచీ లేదు.

రెన్ అండ్ మార్టిన్ చదివి చెడిపోయినవాళ్లు ఇక్కడ అడ్డు తగులుతారు. నన్ను నేనే కోసుకుంటే మైసెల్ఫట, సెలూన్లో బార్బరు కోస్తే ఉత్త ‘మీ’ అట. కత్తి ఒకటే, నెత్తురు ఒకటే, సర్వనామం మాత్రం వేరు! లేదంటే మేనేజరే స్వయంగా చెప్పాడని నొక్కి చెప్పడానికి ‘ద మేనేజర్ హిమ్‌సెల్ఫ్’ అనొచ్చట. ఆ రెండు చోట్లు దాటితే అడుగు పెట్టకూడదట. ఆ రెన్ దొర ‘బో జెస్ట్’ లాంటి సాహస నవలలు రాసినాయన. ఎడారిలో అన్ని యుద్ధాలు చేయించినాయనకు ఒక్క సర్వనామం దగ్గర ఇంత పిరికితనం ఎందుకో.

ఆ మాటకొస్తే ఇది పాత బాకీ. కంపెనీ దొరలకు మన భాషలు నేర్పడానికి 1812లో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ పెట్టారు. నుంగంబాక్కంలో కాలేజ్ రోడ్డుకు ఆ పేరొచ్చింది దాన్నుంచే. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం అచ్చయింది. మరుసటేడు బ్రౌన్ ఈ ఊళ్లో దిగి తెలుగు దిద్దడం మొదలుపెట్టి, 1840కల్లా తనూ ఒక వ్యాకరణం వేశాడు. ‘కొను’ ఎక్కడ తగిలించాలో తెలియక ఆ దొరబాబులు మున్షీల ముందు ఎంత నలిగి ఉంటారో! ఇప్పుడు తప్పులు చేసే వంతు మనది. దిద్దే వంతు వాళ్లది.

వాళ్లు నిజంగా సెల్ఫ్ అడిగే చోట మాత్రం గుప్పిట విప్పకండి. ‘అవెయిల్డ్ మైసెల్ఫ్ ఆఫ్’ అని రాయాలంటారు, మీరు ‘అవెయిల్డ్ లీవ్’ అని రాసి ఇంటికెళ్లండి. మెరీనాలో సుండల్ తిన్నాక ‘వీ ఎంజాయ్డ్’ అని ఆపేయండి. దాని వెనక ‘అవర్‌సెల్వ్స్’ ఉండాలంటారు, దేనికి? ఆబ్సెంట్ అయినవాడి వెనక హిమ్‌సెల్ఫ్ పెట్టాలనడం మరీ విడ్డూరం, అసలు రానివాడికి!

ఇలా మిగుల్చుకున్న సెల్ఫులన్నీ ‘ఇట్‌సెల్ఫ్’కి ఖర్చు పెట్టండి. చెన్నై ఇంగ్లీషుకు అది కిరీటం. ఇవ్వాళే, ఇక్కడే అనేటప్పటి మన ‘ఏ’, తమిళంలో ఇన్నిక్కే, ఇంగేయే అనేటప్పటి ‘ఏ’ ఇంగ్లీషులోకి వెళ్లేసరికి దిక్కులేనిదైపోయింది. ఊరు ఊరంతా దాన్ని చేరదీసి ‘ఇట్‌సెల్ఫ్’ అని పేరు పెట్టింది. ‘టుడే ఇట్‌సెల్ఫ్ ఐ విల్ జాయిన్.’ ఆటో అన్నకు ‘హియర్ ఇట్‌సెల్ఫ్ స్టాప్.’ ఆటో అక్కడే ఆగుతుంది. లక్షణంగా ఉన్న ఇంగ్లీషుకు ఆగుతుందో లేదో నేను చెప్పలేను. నేనే చేశాను అనాల్సొస్తే తమిళ ‘దాన్’ని ‘ఓన్లీ’గా మార్చి పక్కన చేర్చుకోండి: ‘ఐ మైసెల్ఫ్ ఓన్లీ డిడ్.’ ఒక చేతికి రెండు గడియారాలు కట్టుకోకూడదని చట్టమేమీ లేదు.

మై, యువర్, అవర్ ముందు పెట్టి, మధ్యలో హిమ్, దెమ్ దూర్చడం ఇంగ్లీషువాళ్ల అశ్రద్ధ. మీరు ‘హిస్‌సెల్ఫ్’, ‘థెయిర్‌సెల్వ్స్’ అని సరిచేసి వాడండి.

చివరిగా ఒక ఖర్చు తగ్గే చిట్కా. ‘యూ’ అంటే ఒక్కరో పదిమందో తేలదు గానీ, యువర్‌సెల్ఫ్ అంటే ఒక్కరే, యువర్‌సెల్వ్స్ అంటే అందరూ. టీ నగర్ మండపంలో పెళ్లికి పిలిచేటప్పుడు ఇంటిల్లిపాదినీ వరసగా నిలబెట్టి ‘ప్లీజ్ కమ్ యువర్‌సెల్ఫ్’ అనండి. నోరుజారి ‘సెల్వ్స్’ అన్నారో, నెల్లూరు నుంచి వ్యాను మాట్లాడుకుని దిగుతారు. రెండో బంతికి ఆకులు చాలక పాండీ బజారుకు పరిగెత్తేది యూ యువర్‌సెల్ఫ్ ఓన్లీ.