లోపలి గదిలోంచి లెక్కలు

మావాడికి లెక్కల స్లిప్ టెస్టులో 20కి 4 వచ్చాయన్న సంగతి మాకన్నా ముందు మా వీధికి తెలిసింది. బడివాళ్ళు మార్కులన్నీ తల్లుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. నేనప్పుడు బ్యాంకులో కౌంటరు మీద ఉన్నాను, ఫోను చూసే తీరిక లేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కింద వాటా పిన్నిగారు గేటు దగ్గరే కాచుకుని, "బెంగపడకమ్మా, మా మేనల్లుడు కూడా ఆరో క్లాసులో అచ్చం ఇలాగే ఉండేవాడు" అన్నారు. ఇప్పుడేం చేస్తున్నాడండీ అని ఆశగా అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, మీకు పైన మున్సిపాలిటీ నీళ్ళు సరిగ్గా వస్తున్నాయా అన్నారు.

మా ఆయన ఇంజనీరు. "బయటివాళ్ళెందుకు, నేను చెబుతాను" అని ఆ రాత్రే రంగంలోకి దిగారు. ఆయన బోధనా పద్ధతి ఇది: ఒక లెక్క తానే గబగబా చేసేసి "అర్థమైందా?" అంటారు. వాడు తలూపుతాడు. "అయితే ఇది చెయ్యి" అంటారు. వాడు పెన్సిలు చెక్కుకుంటాడు. "ఇంతసేపూ ఏం విన్నావురా!" అన్న కేక సత్యనారాయణపురంలో బయల్దేరి గాంధీనగరం దాకా వెళుతుంది. పెన్సిలు సగానికి అరిగింది కానీ భిన్నాలు అక్కడే ఉన్నాయి. చివరికి అత్తయ్యగారు జపమాల పక్కన పెట్టి, "ఒరేయ్, ఎనిమిదో క్లాసులో నీకెన్నొచ్చాయో వాడి ముందు చెప్పమంటావా?" అన్నారు. పితృబోధ అంతటితో సమాప్తం.

"ప్రైవేటు పెట్టించండర్రా" అని తీర్పు కూడా ఆవిడే చెప్పారు.

విజయవాడలో ప్రైవేటుకి కరువా? ఈ ఊళ్ళో కృష్ణ ఒడ్డున ఇసుకెంతో, కోచింగ్ సెంటర్లంత. ఏ సెంటర్లో నిలబడి తలెత్తినా ఫ్లెక్సీల మీంచి ర్యాంకర్లు మనల్ని జాలిగా చూస్తుంటారు. ఫలితాలొచ్చిన మర్నాడు పేపరు తీస్తే తపాలా బిళ్ళంత ఫొటోలు పేజీ నిండా. టీవీ పెడితే "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు, నాలుగు, నాలుగు" అని గుక్క తిప్పుకోకుండా అరుపులు. మావాడు ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ వింటున్నది ఈ ప్రకటనే. ఒకటి తర్వాత మళ్ళీ ఒకటే వస్తుందని పసితనంలో నాటుకుపోతే ఆ తర్వాత ఏ మాస్టారు మాత్రం ఏం చేస్తాడు?

మొదట వెళ్ళింది బెంజి సర్కిల్ దగ్గర ఓ ఫౌండేషన్ సెంటరుకి. ఏసీ గది, గాజు బల్ల, టై కట్టుకున్న కౌన్సెలర్. "మీ బాబు ఎయిమ్ ఏంటి మేడమ్?" అన్నాడు.

"ప్రస్తుతానికి 20కి 8" అన్నాను.

అతను నవ్వలేదు. ఐఐటీ అనే మాట రాసుకున్నాడు. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా మావాడి జీవితాన్ని రంగు రంగుల గడులుగా విడగొట్టిన కాగితం ఒకటి ముందుకు తోశాడు. నేను పేపరు చదివే మనిషిని కనుక, పదహారేళ్ళు నిండనివాళ్ళని కోచింగ్‌లో చేర్చుకోకూడదని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలిచ్చింది కదా అన్నాను. "అది కోచింగ్‌కి మేడమ్. ఇది ఫౌండేషన్" అన్నాడు చల్లగా. పునాదికీ ఇంటికీ వేర్వేరు చట్టాలని నాకు తెలియదు. ఫీజు విని మా ఆయన ఏసీ గదిలో చెమట తుడుచుకున్నారు. ఇంతకీ మా పిల్లవాడికి ఏం రాదో చూడరా అని అడిగితే, అది ఎంట్రన్స్ టెస్టులో తెలుస్తుందన్నాడు. ఆ టెస్టుకి వేరే ఫీజు.

తర్వాత మా బ్యాంకు క్యాషియరు గారి సలహా మీద వేదగణితం. దీని కథ తమాషాగా ఉంటుంది. పూరీ శంకరాచార్యులు భారతీకృష్ణ తీర్థులు రాసిన పుస్తకం, ఆయన సిద్ధి పొందాక 1965లో అచ్చయింది. అందులోని సూత్రాలు ఏ వేదంలో ఉన్నాయో చూపించమని పండితులు అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నారు. వేదాల సంగతెలా ఉన్నా, మావాడు మాత్రం నెల తిరిగేసరికి మెరుపులా తయారయ్యాడు. 98ని 97తో గుణించరా అంటే కళ్ళు మూసుకుని "9506" అనేవాడు. వందకి ఒకటి రెండు తగ్గి, ఒకటి మూడు తగ్గింది కనుక 98లోంచి 3 తీస్తే 95, రెండు మూళ్ళు 06. అంతే! చుట్టాలొచ్చినప్పుడల్లా వాడి చేత చెప్పించి మురిసిపోయాం. ఒక ఆదివారం మా ఆడపడుచు పొరపాటున "ఎనిమిదేళ్ళెంతరా?" అని అడిగింది. వాడు వేళ్ళు లెక్కపెట్టుకుని, కాలి వేళ్ళ కోసం చెప్పులు విప్పబోయాడు. అంకెలు వంద దరిదాపుల్లో ఉంటేనే మావాడు మేధావి. మిగతా చోట్ల మామూలే.

అప్పుడు వెళ్ళాం బడి మాస్టారి దగ్గరికి. అసలు మొదటే వెళ్ళాల్సింది అక్కడికే అని మీరనవచ్చు. కానీ విద్యాహక్కు చట్టం ఒకటుందిగా. 2009లో చేశారు, 2010 ఏప్రిల్ ఒకటి నుంచి అమలు. అందులో సెక్షన్ 28 ప్రకారం ఏ ఉపాధ్యాయుడూ ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదు. మాస్టారు ఆ సెక్షన్ని నోటితో అప్పగించి, చెంపలేసుకున్నంత పని చేశారు. "నేను చచ్చినా చెప్పనండీ. నియమం నియమమే." మేం లేవబోతుంటే గొంతు తగ్గించి, "మా ఆవిడ చెబుతుంది" అన్నారు.

"అమ్మగారేం చదువుకున్నారండీ?"

"ఎం.ఏ. తెలుగు."

మా ఆయన నీళ్ళు నమిలారు. "అంటే... లెక్కలు..."

"పావులూరి మల్లన తెలుగు కవే కదండీ!" అన్నారు మాస్టారు.

దానికి మా దగ్గర జవాబు లేదు. పదకొండో శతాబ్దంలో, రాజమహేంద్రవరంలో నన్నయ భారతం తెనిగిస్తున్న రోజుల్లోనే, మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి దించిన మాట నిజం. వెయ్యేళ్ళ తర్వాత ఆయన ఇలా ఆదుకుంటాడని ఎవరనుకున్నారు?

ట్యూషన్ ముందు గదిలో. అమ్మగారు కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీసుకుంటూ, "ఊఁ, తర్వాత లెక్క" అనేవారు. పాతికమంది పిల్లలు తలలు వంచుకుని రాసేవారు. సందేహం వస్తే కర్టెన్ అవతల నుంచి ఓ మగగొంతు, "హారాలు సమానం చెయ్యరా ముందు!" అని అశరీరవాణిలా వినిపించేది. ఎవరు నాన్నా లోపల మాట్లాడేదని అడిగితే, "అమ్మగారేనమ్మా, జలుబు చేసిందిట" అన్నాడు మావాడు. పిల్లలకి లెక్కలు రాకపోయినా లౌక్యం వస్తోంది. ఆ పాతికమందిలో మావాడు చివరి వరస. కర్టెన్‌కి మరీ దూరం. అశరీరవాణి అక్కడికి అందేది కాదు.

పాతికమంది అంటే ఆశ్చర్యపోనక్కర్లేదని మా ఆయన ఓదార్చారు. చదువుల తీరు మీద వచ్చే 'అసర్' సర్వే నివేదిక లెక్కన 2022లో మన దేశంలో పల్లెటూళ్ళలోనే ఎనిమిదో తరగతి లోపు పిల్లల్లో 30.5 శాతం మంది డబ్బు కట్టి ట్యూషన్‌కి వెళుతున్నారట. 2018లో 26.4 శాతం. బీహారులో అయితే నూటికి డెబ్బై మందికి పైనే. "చూశావా, దేశమంతా ఇంతే" అన్నారు సంతోషంగా. దేశమంతటికీ వచ్చిన జబ్బుని జబ్బనరని ఆయన సిద్ధాంతం.

ఇంటికొచ్చి చెప్పే ట్యూటరు ముచ్చట కూడా తీరింది. బైకు మీద వచ్చేవాడు, సెంటు వాసన ముందొచ్చేది. తన శిష్యుల్లో అమెరికా వెళ్ళినవాళ్ళ గురించి, తనకొచ్చి వదులుకున్న ఉద్యోగాల గురించి, అత్తయ్యగారి పెసరట్టు గురించి అనర్గళంగా మాట్లాడేవాడు. పరీక్ష తప్పిన వెంకటేశానికి చదువు చెబుతానని వెంటపడి వెళ్ళిన గిరీశం ఆ ఇంట్లో ఏం వెలగబెట్టాడో 'కన్యాశుల్కం' రూపంలో 1897 నుంచీ అచ్చులో దొరుకుతూనే ఉంది. అయినా తెలుగు తల్లిదండ్రులు ఇంట్లోకి గిరీశాలని పిలిచి కాఫీలిస్తూనే ఉన్నారు. మా గిరీశం పెసరట్లో అల్లం తగ్గిందని ఒక రోజు వ్యాఖ్యానించడంతో అత్తయ్యగారే అతన్ని సాగనంపారు. లెక్కలు చెప్పకపోవడం ఆవిడ దృష్టిలో చిన్న నేరం.

ఇంతలో పై వాటాలోకి ఓ అమ్మాయి అద్దెకి దిగింది. బీఎస్సీ, బీఈడీ. అవనిగడ్డలో డీఎస్సీ, అంటే ప్రభుత్వ టీచరు ఉద్యోగాల పరీక్షకి కోచింగ్ పూర్తి చేసుకుని, చెల్లెలి చదువు కోసం ఊళ్ళో కాపురం పెట్టి, నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తోంది. 2024 జూన్‌లో కొత్త ముఖ్యమంత్రి తొలి సంతకం పెట్టింది మెగా డీఎస్సీ ఫైలు మీదే. 16,347 పోస్టులు. నోటిఫికేషన్ మాత్రం 2025 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ సంతకానికీ నోటిఫికేషన్‌కీ మధ్య ఖాళీలో ఆ అమ్మాయి చేతికి మావాడు దొరికాడు. ప్రభుత్వం ఆలస్యం చేయడం వల్ల మేలు పొందిన పౌరుడు రాష్ట్రంలో ఎవరైనా ఉన్నాడంటే మావాడే.

ఆ అమ్మాయి మొదటి రోజు ఆరో క్లాసు పుస్తకం తెరవలేదు. "పావు పెద్దదా, మూడో వంతు పెద్దదా?" అని అడిగింది.

"పావు అక్కా" అన్నాడు వాడు ధీమాగా. "కింద నాలుగుంది కదా. దానికి మూడే."

వంటింట్లో నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఇన్నాళ్ళుగా ఏసీ గదిలో కౌన్సెలరూ, శంకరాచార్యుల సూత్రాలూ, అశరీరవాణీ, సెంటు వాసనా, మా ఇంజనీరు గారూ, ఒక్కళ్ళూ అడగని ప్రశ్న అది. వీడి రెండో తరగతి 2020లో ఫోన్లో జరిగింది, అదీ ఎక్కువ భాగం మ్యూట్‌లో. మూడో తరగతి బడి తెరుస్తూ మూస్తూ గడిచింది. పావు, అర, ముప్పావు ఆ సందులోనే ఎక్కడో జారిపడ్డాయి. వాటి మీద కట్టిన మేడకే మేమందరం రంగులు వేయిస్తున్నాం.

"నాలుగో క్లాసు పుస్తకం ఉందా ఆంటీ?" అంది ఆ అమ్మాయి. ఆరో క్లాసు ఫీజిచ్చి నాలుగో క్లాసు చెప్పించుకోవడమేమిటని మా ఆయన ఓ పూట ముభావంగా ఉన్నారు. ఆ తర్వాత ఎక్కడో చదివి ఆయనే ఊరడిల్లారు. 1980ల్లో అమెరికాలో ఏ అండ్ డబ్ల్యూ అనే హోటళ్ళ కంపెనీ, మెక్‌డొనాల్డ్స్ వాళ్ళ పావు పౌను బర్గరుకి పోటీగా మూడో వంతు పౌను బర్గరు పెట్టిందట. మాంసం ఎక్కువ, ధర మాత్రం ఎక్కువ కాదు. అయినా జనం కొనలేదు. ఎందుకని వాకబు చేస్తే, అడిగినవాళ్ళలో సగానికి పైగా మూడు కన్నా నాలుగు పెద్దది కనుక పావే ఎక్కువనుకున్నారట. ఆ కంపెనీ అప్పటి యజమాని టాబ్‌మన్ తన పుస్తకంలో రాసుకున్న సంగతి ఇది. "మనవాడు అమెరికా స్థాయిలో ఆలోచిస్తున్నాడే!" అన్నారు మా ఆయన. వాడి లెక్కల గురించి ఆయన మొదటిసారి గర్వంగా మాట్లాడడం అప్పుడే.

ఆ అమ్మాయి దోసెతో పాఠం మొదలుపెట్టింది. "ఈ దోసె ముగ్గురు పంచుకుంటే నీకెంత? నలుగురు పంచుకుంటే ఎంత?" వాడికి కళ్ళు తెరుచుకుంటున్నాయనగా అత్తయ్యగారు పెనం మీంచి కేకేశారు: "పంచుకునే ఖర్మేం పట్టిందమ్మా పసివాడికి? ఇంకోటి వేస్తున్నాగా!" భిన్నాలు మా ఇంట్లో ఇన్నాళ్ళూ కాలు పెట్టకపోవడానికి అసలు కారణం ఆ అమ్మాయికి అప్పుడర్థమైంది. మర్నాటి నుంచి పాఠం పై వాటాలో, కాగితం కత్తిరించి.

వేసవి సెలవుల ముందు ఎస్‌ఏ-2 పరీక్ష జరిగింది. మార్కులు చెప్పను కానీ, పక్క బెంచీవాడు మావాడి పేపరు చూసి రాసి పట్టుబడ్డాడని బడి నుంచి ఫోనొచ్చింది. మావాడి పేపరు! చూసి! అత్తయ్యగారు ఉప్పూ మిరపకాయలూ తీసుకుని దిష్టి తీశారు.

ఆ అమ్మాయి డీఎస్సీ కూడా రాసింది. ఉద్యోగం వచ్చింది, స్కూల్ అసిస్టెంట్, మ్యాథ్స్. స్వీటు డబ్బా పట్టుకుని కిందికొచ్చింది. పోస్టింగు మరీ దూరం కాదు, శనాదివారాలు ఇంటికొస్తానంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే ఆ రెండు రోజులూ మావాడికి..." అన్నాను.

"సెక్షన్ 28 ఆంటీ" అంది నొచ్చుకుంటూ. "బిట్ బ్యాంకులో చదివి చదివి నాకు నోటికొచ్చేసింది. గవర్నమెంటు టీచర్ని కదా, ట్యూషన్ చెప్పకూడదు."

ఇల్లంతా నీరసపడిపోయింది. మావాడు స్వీటు తినడం ఆపాడు. మా ఆయన మళ్ళీ ఫ్లెక్సీల మీది ఫోన్ నంబర్లు గుర్తుచేసుకుంటున్నట్టు పైకి చూశారు. అత్తయ్యగారు మాత్రం ఆ అమ్మాయిని ఎగాదిగా చూసి, మీదే ఊరు, గోత్రమేమిటి అని వరసగా అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడవన్నీ ఎందుకత్తయ్యగారూ అన్నాను.

"పెళ్ళి చేసేద్దామే. ట్యూషన్ బోర్డు మొగుడి పేరు మీద పెడదాం. అతను ముందు గదిలో కూర్చుంటాడు, ఈ పిల్ల లోపలి గదిలోంచి చెబుతుంది" అన్నారావిడ.

అప్పటి నుంచి మా ఇంట్లో పెళ్ళిచూపుల హడావుడి. అబ్బాయికి లెక్కలు రాకపోయినా ఫర్వాలేదట, కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీయడం వస్తే చాలట.