సర్కారుకు అప్పిచ్చిన విద్యార్థులు

పేద పిల్లల కాలేజీ ఫీజు ప్రభుత్వమే కడుతోందని ఊరూరా ఫ్లెక్సీలు చెబుతుంటాయి. లెక్క తిరగేసి చూస్తే ఎవరు ఎవరికి ఇస్తున్నారో తేలిపోతుంది. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న కుర్రాడికి మొదటి ఏడు ఫీజు ఇంకా రాలేదంటే, ఇన్నాళ్లూ సర్కారుకు అప్పిచ్చి నడిపిస్తున్నది వాడే. ప్రోనోటు లేదు, హామీ సంతకం లేదు, వడ్డీ అసలే లేదు. ఇంత ఉదారంగా అప్పిచ్చే బ్యాంకు దేశంలో ఇంకోటి లేదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో మొదలైంది. మంచి పథకమే. కూలివాళ్ల ఇళ్లలో, మగ్గం గుంటల పక్కన పెరిగిన పిల్లలు ఇంజనీర్లయ్యారంటే దాని చలవే. అందుకే ఆ తర్వాత వచ్చిన ఏ ముఖ్యమంత్రికీ దాన్ని ఎత్తేసే ధైర్యం చాలలేదు. ఎత్తెయ్యకుండానే ఎగ్గొట్టే ఉపాయం మాత్రం అందరికీ దొరికింది. జీవో ఉంటుంది, పేపర్లో ఫుల్ పేజీ ప్రకటన ఉంటుంది, డబ్బు మాత్రం 'ప్రాసెస్‌లో' ఉంటుంది.

ఈ డబ్బు ఎవరి ఖాతాలో వెయ్యాలన్న దాని మీద ఆంధ్రప్రదేశ్‌లో జరిగినంత పరిశోధన ఏ విశ్వవిద్యాలయంలోనూ జరగలేదు. మొదట కాలేజీ ఖాతా అన్నారు. జగన్ ప్రభుత్వం దానికి విద్యాదీవెన అని పేరు పెట్టి, 2021 నుంచి మూడు నెలలకోసారి తల్లి ఖాతాలో వేస్తామంది. 2023లో అది చాలదు, తల్లీబిడ్డల జాయింట్ ఖాతా కావాలంది. 2024లో ప్రభుత్వం మారాక కాలేజీ ఖాతాయే మేలని మళ్లీ మొదటికొచ్చారు. ఖాతా మారినప్పుడల్లా తల్లులు పనులు మానుకుని బ్యాంకుల్లో క్యూ కట్టారు. బాకీ ఒక్కటే ఎక్కడిదక్కడ ఉండిపోయింది. ఎవరినడిగినా "అది పాత ప్రభుత్వం పెట్టిన బాకీ" అంటారు. అప్పు పడింది సర్కారా, పార్టీయా?

తెలంగాణది ఇంకో ముచ్చట. ఎప్‌సెట్‌లో పది వేల లోపు ర్యాంకు వచ్చిన బీసీ, ఈబీసీ విద్యార్థికి ఇంజనీరింగ్ ఫీజు పూర్తిగా ఇస్తారు. ర్యాంకు దాటితే 35 వేలు. కొన్ని కాలేజీల ఫీజు లక్ష దాటినా ఆ 35 వేలు దశాబ్దానికి పైగా కదల్లేదు. పోనీ అదన్నా చేతికొస్తుందా అంటే, టోకెన్ వస్తుంది. ట్రెజరీలో బిల్లుకు నంబరు పడిందనీ, డబ్బు పడలేదనీ దాని అర్థం. 2025 సెప్టెంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ అంటే ప్రభుత్వం చర్చలకు పిలిచి హామీ ఇచ్చింది. ఆ హామీ నెరవేరలేదని నవంబరు 3 నుంచి కాలేజీలు నిజంగానే మూతపడ్డాయి. బాకీ పడ్డది సచివాలయం, తాళం పడ్డది తరగతి గదికి. సచివాలయానికి ఒక్క పూట కూడా సెలవు రాలేదు.

ఇక చదువుతున్న పిల్లలు ఏటా చేసుకోవాల్సిన రెన్యువల్. తెలంగాణలో ఈ-పాస్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి, పాసైన మెమో చూపించాలి, వేలిముద్ర వెయ్యాలి, ఖాతాకు ఆధార్ లింకుండాలి. హాజరు 75 శాతానికి తగ్గితే డబ్బు ఆగుతుంది. న్యాయమే. విడుదల చేసే రోజు రాని ప్రభుత్వానికి హాజరు పట్టీ ఎవరు రాస్తున్నారు?

కోర్సు అయ్యాక కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర కాసేపు నిలబడండి. క్లర్కు రిజిస్టరులో వేలు పెట్టి చూసి, "నీ పేరు మీద లక్షా నలభై వేలు డ్యూ ఉంది బాబూ. కట్టి ఒరిజినల్స్ తీసుకెళ్లు. గవర్నమెంట్ వేస్తే నీది నీకు వాపసు ఇస్తాం" అంటాడు.

"ఎప్పుడు వేస్తారు సార్?"

"అది మమ్మల్నడిగితే ఎట్లా?"

చేతిలో ఉద్యోగం ఆఫర్ ఉంది, చేరే తేదీ దగ్గరపడుతోంది. తండ్రి ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. నెలకు 2,800, ఏడాదికి 33,600. అంటే ప్రభుత్వం ఏటా ఇస్తానన్న 35 వేలూ దాదాపు వడ్డీకే సరి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆ తండ్రి తెచ్చిన అప్పుతోనే సర్కారు ఉచిత విద్య నడుస్తోంది.

అప్పే కావాలంటే కేంద్రం 2024లో పీఎం విద్యాలక్ష్మి తెచ్చిందిగా అంటారు. 8 లక్షల లోపు ఆదాయమున్న ఇంటి పిల్లలకు 10 లక్షల దాకా అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ. కాకపోతే ర్యాంకింగుల్లో పైనున్న సంస్థల్లో సీటుండాలి. మండల కేంద్రంలో డిగ్రీ చదివే పిల్లకు ఆ లక్ష్మి మొహం కూడా చూపించదు. బ్యాంకులో అప్పు తీసుకున్న విద్యార్థి ఒక్క కిస్తీ తప్పితే సిబిల్ స్కోరు పడిపోతుంది. వరసగా కిస్తీలు తప్పిన ప్రభుత్వానికి మాత్రం కొత్త అప్పు పుడుతూనే ఉంటుంది.

ప్రతిపక్షంలో ఉన్నన్నాళ్లూ ఫీజు బకాయిల మీద కలెక్టరేట్ ముట్టడించినవాళ్లే, కుర్చీ ఎక్కాక ఖజానా పరిస్థితి వివరిస్తారు. కాబట్టి వీళ్లకూ ఒక రెన్యువల్ ఫారం ఉండాలి. ఎన్నికల్లో నిలబడేవాళ్లు ప్రభుత్వ బంగళా అద్దె, కరెంటు, నీళ్ల బాకీ లేదని నామినేషన్‌తో పాటు చెప్పాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. అందులో ఇంకో గడి చేర్చండి: 'నేను మంత్రిగా ఉండగా విద్యార్థుల ఫీజు బాకీ ఏమీ లేదు.' దానికి కాలేజీ ఆఫీసు నుంచి నో డ్యూస్ తెచ్చుకోమనండి. ఆ కిటికీ ముందు క్యూలో నిలబడి వాళ్లే తెచ్చుకోవాలి.

అందాకా ఒక్క పనైనా చెయ్యొచ్చు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. కాలేజీ యాజమాన్యాలకు ప్రభుత్వం మీద కోపముంటే కోర్టు ఉంది, సచివాలయం ఉంది. బాకీ పడ్డవాడిని వదిలేసి, అప్పిచ్చినవాడి కాగితాలు బీరువాలో పెట్టి తాళం వెయ్యడం మానండి.